ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్‌కు: మారాలా, ఉండాలా?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు ఆత్మకూరు రెవెన్యూ డివిజన్ కేంద్రం. అనంతసాగరం, మర్రిపాడు, చేజర్ల, అనుమసముద్రంపేట మండలాల జనం కాగితం పని పడితే ఇక్కడికే బస్సెక్కుతారు. పొలం సర్వే నంబరు తప్పు పడిందని అర్జీ, సోమవారం గ్రీవెన్సుకు విన్నపం, బ్యాంకు రుణానికి అఫిడవిట్, ప్రైవేటు బడికి ప్రశ్నపత్రం, ఉద్యోగానికి బయోడేటా, అన్నీ టైపయ్యేది జిరాక్స్, డీటీపీ సెంటర్లలోనే. ఆ కంప్యూటర్లలో ఏ ఆఫీసు సాఫ్ట్‌వేరు ఉందన్నది దుకాణదారుడి సొంత వ్యవహారంలా కనిపిస్తుంది. కాని ఒత్తు విరిగినా, ఫైలు తెరుచుకోకపోయినా, సంతకం గీత కింది పేజీకి జారిపోయినా ముందుగా నష్టపోయేది కౌంటరు బయట నిలబడ్డ మనిషి. మళ్లీ బస్సు చార్జీ, మళ్లీ ఒక రోజు కూలి. సాఫ్ట్‌వేరు మార్చాలా వద్దా అన్న ప్రశ్నను ఆ మనిషి వైపు నుంచే తూచాలని నా అభిప్రాయం.

డబ్బు పెట్టి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొనలేని చోట చాలామంది క్రాక్ చేసిన కాపీతో నెట్టుకొస్తుంటారు. దొంగ కాపీ అని తెలిసీ వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. క్రాక్ ఫైలుతో పాటు వైరస్ రావడం అంతకన్నా తరచుగా జరిగేది. ఆ దారి వద్దనుకున్న దుకాణాలు, బడులు ఏళ్ల కిందట ఉచితంగా దొరికే ఓపెన్‌ఆఫీస్ వేసుకున్నాయి. పని నడుస్తోంది. ఇప్పుడు లిబ్రేఆఫీస్‌కు మారమంటున్నారు కొందరు. గూగుల్ డాక్స్ ఉండగా ఇవన్నీ ఎందుకంటున్నారు ఇంకొందరు. జోహో ఆఫీస్ మన దేశానిదే కదా అంటున్నారు మరికొందరు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలన్నది దుకాణదారుడి ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

ముందు ఈ రెండింటి పుట్టుక చూడాలి. రెండూ ఒక్క ఇంటి నుంచి వచ్చినవే. జర్మనీలోని లూనెబర్గ్ పట్టణంలో స్టార్‌డివిజన్ అనే కంపెనీ స్టార్‌ఆఫీస్ తయారుచేసింది. 1999లో దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2000లో సోర్సు కోడును అందరికీ తెరిచింది. అదే ఓపెన్‌ఆఫీస్. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమాని చేతిలో ఈ పని ఏమవుతుందోనని భయపడిన డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని విడిపోయారు. వారి లిబ్రేఆఫీస్ మొదటి వెర్షన్ 2011 జనవరిలో వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఒరాకిల్ ఓపెన్‌ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది. పాత పేరు ఒకరికి దక్కింది, పని తెలిసినవారిలో ఎక్కువమంది ఇంకొకరి దగ్గర చేరారు. ఇవాళ్టి తేడాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

లైసెన్సుల సంగతి కూడా లిబ్రేఆఫీస్‌కే కలిసొచ్చింది. అపాచీ లైసెన్సు కింద ఉన్న కోడును లిబ్రేఆఫీస్ తీసుకోవచ్చు. లిబ్రేఆఫీస్ రాసుకున్న కోడును మాత్రం అపాచీ తన నియమాల ప్రకారం తీసుకోలేదు. దాంతో మెరుగులన్నీ ఒకవైపే పోగుపడుతూ వచ్చాయి.

ఇక ఓపెన్‌ఆఫీస్‌లోనే ఉండాలనేవారి వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

మొదటిది పాత కంప్యూటరు. చిన్న ఊళ్లలో కంప్యూటరు చచ్చేదాకా పనిచేయాల్సిందే. విండోస్ ఎక్స్‌పీ ఉన్న మిషన్లో కూడా ఓపెన్‌ఆఫీస్ నడుస్తుంది. లిబ్రేఆఫీస్ 2018లో వచ్చిన 6.0తోనే ఎక్స్‌పీని వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన 25.8తో విండోస్ 7, 8లను కూడా వదిలేసింది. డౌన్‌లోడు సైజులోనూ లిబ్రేఆఫీస్ రెట్టింపుకు పైనే ఉంటుంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని దించుకునేవారికి అది కూడా లెక్కే.

రెండోది అలవాటు. రోజుకు పదుల కాగితాలు టైపు చేసే మనిషి చేతివేళ్లకు మెనూలు కంఠతా వచ్చి ఉంటాయి. ఓపెన్‌ఆఫీస్ రూపం ఏళ్ల తరబడి మారలేదు. లిబ్రేఆఫీస్ ఆరు నెలలకొక పెద్ద వెర్షన్ వదులుతుంది. ఏదో ఒక బటన్ చోటు మారుతూనే ఉంటుంది. గిరాకీ నిలబడి ఉండగా బటన్ వెతుక్కోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మూడోది పాత ఫైళ్లు. అఫిడవిట్ నమూనా, అద్దె ఒప్పందం, బడి టీసీ, హాల్‌టికెట్ ఫార్మాటు, ఇవన్నీ ఒకసారి కొలత కుదిరేలా తయారుచేసి దాచుకుంటారు. కొత్త సాఫ్ట్‌వేరులో తెరిచినప్పుడు వరుసకు వరుస అచ్చం అలాగే పడుతుందన్న పూచీ లేదు. తెల్లకాగితం మీద ప్రింటయితే పరవాలేదు. ముందే అచ్చయిన ఫారం మీద గళ్లలో పడాల్సిన అక్షరాలు ఒక్క మిల్లీమీటరు జరిగినా ఆ ఫారం వృథా.

నాలుగోది అడిగితే చెప్పే మనిషి లేకపోవడం. ఉచిత సాఫ్ట్‌వేరుకు ఫోను చేస్తే వచ్చే మెకానిక్కు ఉండడు. ఊళ్లో కంప్యూటరు కోర్సు నేర్పేవారు మైక్రోసాఫ్ట్ ఆఫీసే నేర్పుతారు. ఇప్పటికే ఒకదానితో తంటాలు పడి దారిలో పడ్డవారు మళ్లీ కొత్త తంటా ఎందుకు తెచ్చుకోవాలి?

ఈ నాలుగూ నిజమైన ఇబ్బందులే. వాటికి ఎదురుగా మారాలనే వాదన ఏమంటుందో చూద్దాం.

అన్నిటికన్నా బరువైనది ఫైలు తిరిగి పంపడం. అపాచీ ఓపెన్‌ఆఫీస్ డాక్స్ (.docx), ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (.xlsx) ఫైళ్లను తెరుస్తుంది గాని ఆ రూపంలో సేవ్ చేయలేదు. ఇవాళ ఆఫీసుల నుంచి వచ్చే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో ఎక్కువ భాగం ఈ కొత్త రూపాల్లోనే ఉంటాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక, ప్రతి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు కూర్చున్నాక, పల్లెల నుంచి ఫైలు రూపంలో వెళ్లే సమాచారం బాగా పెరిగింది. ఒక బడికి పై ఆఫీసు నుంచి ఎక్సెల్ ప్రొఫార్మా వచ్చిందనుకుందాం. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు నింపి అదే రూపంలో తిరిగి పంపాలి. ఓపెన్‌ఆఫీస్‌లో నింపవచ్చు, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో సేవ్ చేయవచ్చు. అటువైపు మనిషి తెరవగలిగితే సరే. వెబ్‌సైటు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ మాత్రమే తీసుకుంటానంటే అక్కడే ఆగిపోతాం. “అన్నా, ఇది అప్‌లోడ్ కావడం లేదన్నా” అని రాత్రి ఎనిమిదింటికి ఫోను వస్తే కౌంటరు వెనక ఉన్నవారు చేయగలిగింది ఏమీ ఉండదు. లిబ్రేఆఫీస్ ఈ రెండు రూపాల్లోనూ సేవ్ చేస్తుంది. అన్ని ఫైళ్లూ తేడా లేకుండా వస్తాయని చెప్పలేం. గళ్ల మీద గళ్లు, బొమ్మలు, మాక్రోలు ఉన్న ఫైళ్లు కొంత చెదురుతాయి. అయినా చెదిరితే సరిదిద్దుకోవచ్చు. సేవ్ చేయడమే కుదరకపోతే సరిదిద్దడానికి ఏముంటుంది?

రెండోది భద్రత. ఓపెన్‌ఆఫీస్ 4.1 వెర్షన్ 2014 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ తరవాత వచ్చినవన్నీ దానికి చిన్న చిన్న మరమ్మతులే. 2023 డిసెంబరులో వచ్చినది 4.1.15. దాదాపు పదేళ్లలో కదిలింది అంతే. 2016 సెప్టెంబరులో ఆ ప్రాజెక్టుకు అప్పటి సారథి డెన్నిస్ హామిల్టన్, భద్రతా లోపాలు సరిచేసే మనుషులు చాలడం లేదని, ప్రాజెక్టును మూసేయాల్సి వస్తే ఎలా అని బహిరంగంగానే చర్చ పెట్టారు. మూయలేదు, నడిపిస్తున్నారు. స్వచ్ఛందంగా పనిచేసే ఆ కొద్దిమంది శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని డీటీపీ సెంటరు అంటే ఊరందరి పెన్‌డ్రైవులూ దూరే చోటు. ఆధార్ కాపీలు, పాసుపుస్తకాలు, బ్యాంకు వివరాలు ఆ కంప్యూటరు గుండానే పోతాయి. అలాంటి మిషన్లో లోపాలను వేగంగా పూడ్చే సాఫ్ట్‌వేరు ఉండటం గిరాకీ పట్ల బాధ్యత. 2020 అక్టోబరులో, ఓపెన్‌ఆఫీస్ ఇరవయ్యేళ్ల సందర్భంలో, డాక్యుమెంట్ ఫౌండేషన్ అపాచీకి బహిరంగ లేఖ రాసింది. కొత్త సౌకర్యాలు కావాల్సినవారికి లిబ్రేఆఫీస్ ఒకటుందని చెప్పండి అన్నది అందులోని విన్నపం. పోటీదారు రాసిన లేఖ కాబట్టి దాన్ని కొంత తగ్గించి చదవాలి. అందులో చెప్పిన విడుదల తేదీలు మాత్రం ఎవరైనా సరిచూసుకోగలిగినవే.

మూడోది తెలుగు. మన లిపిలో ఒత్తు ఎక్కడ పడాలి, గుణింతం ఏ రూపు తీసుకోవాలి అన్నది ఫాంటుతో పాటు అక్షరాలను కూర్చే ఇంజిను మీద కూడా ఆధారపడుతుంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 నుంచి లిబ్రేఆఫీస్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజినుతో అక్షరాలు కూరుస్తోంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ ఆ ఇంజినే పనిచేస్తుంది. అంటే ఒకే ఫాంటు పెట్టుకుంటే విండోస్‌లో టైపు చేసిన అర్జీ లినక్స్ మిషన్లోనూ దాదాపు అలాగే పడుతుంది. పైగా లిబ్రేఆఫీస్‌ను తెలుగు మెనూలతో వాడుకోవచ్చు. తెలుగు అక్షరదోషాలు చూసే నిఘంటువూ దానితో వస్తుంది. మెనూల అనువాదం పూర్తికాలేదు, కొన్ని చోట్ల ఇంగ్లీషే కనిపిస్తుంది. సంధులతో, ప్రత్యయాలతో అతుక్కుపోయే మన మాటల్లో చాలావాటి కింద నిఘంటువు అనవసరంగా ఎర్ర గీత గీస్తుంది. అయినా ఈ పని జరుగుతున్నది ఇక్కడే. ఒకటి మాత్రం ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్ రెండింటిలోనూ ఉన్న చిక్కే: ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, తెలుగు అక్షరాలకు వేరే ఫాంటు, వేరే సైజు విడివిడిగా పెట్టుకోవాలి. అది తెలియక తెలుగు సైజు మారడం లేదని విసిగిపోయినవారు ఎందరో ఉన్నారు.

నాలుగోది డీటీపీవారికి ప్రత్యేకం. మన ఊళ్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు నేటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవుతుంటాయి. అడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ సాఫ్ట్‌వేరు కొత్త కంప్యూటర్లలో ఎక్కక పాత ఫైళ్లు మూలనపడ్డ దుకాణాలు ఉన్నాయి. 2015లో వచ్చిన 4.4 నుంచి లిబ్రేఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలుగుతోంది. అను ఫాంట్లు ఆ మిషన్లో ఉంటేనే అక్షరాలు అక్షరాలుగా కనిపిస్తాయి, డిజైను కూడా కొంత చెదురుతుంది. అయినా పాత పని పూర్తిగా చేజారిపోకుండా ఒక దారి దొరికింది. ఓపెన్‌ఆఫీస్‌లో ఈ సౌకర్యం లేదు.

ఇంతవరకు చూస్తే త్రాసు లిబ్రేఆఫీస్ వైపు మొగ్గుతోంది. కాని ఇంటర్నెట్‌లో నడిచేవాటి మాట కూడా వినాలి. గూగుల్ డాక్స్‌కు ఇన్‌స్టలేషన్ అక్కర్లేదు. కరెంటు పోయినా టైపు చేసింది పోదు. తెలుగులో మాట్లాడితే రాసుకుంటుంది. టైపు రాని ఉపాధ్యాయుడికి అది పెద్ద సాయం. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు కూడా అందులో ఉన్నాయి. జోహో చెన్నై కేంద్రంగా ఉన్న సంస్థ, మన రేణిగుంటలోనూ దానికి కార్యాలయం ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ వాడమని ఆదేశించింది. ఒకే ప్రశ్నపత్రం మీద ముగ్గురు టీచర్లు పనిచేయాలన్నా, ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవారు ఆర్డర్ల పట్టీని హైదరాబాదు వ్యాపారితో పంచుకోవాలన్నా ఇవే సులువు.

వీటి బలహీనత కూడా అంతే స్పష్టం. ఆఫ్‌లైన్ ఏర్పాటు ముందే చేసుకోకపోతే నెట్ లేనినాడు పని లేదు. సోమశిల దాటి కొండ పల్లెల్లోకి వెళ్తే సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో ఆ ఊరివారికే తెలుసు. ఇంకా ముఖ్యమైనది, గిరాకీ కాగితాలు దుకాణదారుడి సొంత ఖాతాలో పేరుకుపోతాయి. పాస్‌వర్డు పోతే, ఖాతా ఆగిపోతే అందరి కాగితాలూ పోయినట్టే. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇతరుల వివరాలు దగ్గర పెట్టుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఇక్కడ ఉచితమన్నది కంపెనీ ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. లిబ్రేఆఫీస్ సోర్సు కోడు బయట ఉంది, రేపు ఆ సంస్థే లేకపోయినా ఇవాళ దించుకున్న కాపీ పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి వీటిని కలిసి పనిచేయడానికి వాడుకోవాలి, కాగితాలన్నిటికీ ఏకైక నివాసంగా చేసుకోకూడదు.

మారినవారి అనుభవం ఏం చెబుతోంది? కేరళలో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు 2001లో మొదలైంది. తరవాత ప్రభుత్వ బడులు లినక్స్‌కు, ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరుకు మారాయి. ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతోంది. అక్కడ ఇది నిలబడటానికి కారణం సాఫ్ట్‌వేరు గొప్పతనం ఒక్కటే కాదు. పాఠ్యపుస్తకం దానిమీదే రాశారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, మలయాళానికి కావలసినవి కూర్చుకున్నారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ వేరు. 2013 నాటికి సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది, ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ పెట్టుకుంది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. రాజకీయం ఒక కారణం. బయటి ఆఫీసులతో ఫైళ్లు మార్చుకోవడంలో ఇబ్బందులూ ఫిర్యాదుల్లో ఉన్నాయి. అదే దేశంలో ష్లెస్‌విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 2024 ఏప్రిల్‌లో 30 వేల కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కు మార్చాలని నిర్ణయించింది. శిక్షణ ఉంటే, ఫైలు ఎవరికి వెళ్తుందో ముందే చూసుకుంటే మార్పు నిలుస్తుంది. అవి లేకుండా చేసిన మార్పు ఎంత పెద్ద నగరంలోనైనా వెనక్కి తిరగవచ్చు. ఆ రెండు షరతులూ ఆత్మకూరులోని ఒక్క కంప్యూటరుకూ వర్తిస్తాయి.

మన దగ్గర ప్రయత్నమే జరగలేదని కాదు. 2005లో కేంద్ర ప్రభుత్వం తెలుగు సాఫ్ట్‌వేరు, ఫాంట్లతో ఉచిత సీడీ విడుదల చేసింది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తెచ్చింది. ఆ కృషికి తగినట్టు తాలూకా ఊళ్లలో నేర్పేవారు, అడిగితే చెప్పేవారు దొరికుంటే ఇవాళ క్రాక్ కాపీల అవసరం ఇంతగా ఉండేది కాదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. తీర్చాల్సిన బాధ్యత పాలిటెక్నిక్కులదీ డిగ్రీ కాలేజీలదీ. కంప్యూటరు ల్యాబుల్లో లిబ్రేఆఫీస్ కూడా నేర్పితే చదువు ముగించిన పిల్లలే ఊళ్లో ఆ సాయం చేయగలుగుతారు.

ఇప్పుడు తీర్పు. అందరికీ ఒకటే మాట చెప్పలేను.

బయటి ఆఫీసులతో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే దుకాణం, బడి, సంఘం ఓపెన్‌ఆఫీస్‌లో ఉంటే లిబ్రేఆఫీస్‌కు మారాలి. ఆ సేవ్ చేయలేని చిక్కు ఒక్కటే ఇందుకు చాలు. ఈ రెండూ ఒకే కంప్యూటరులో పక్కపక్కనే ఉండగలవు కాబట్టి పాతదాన్ని వెంటనే తీసేయనక్కర్లేదు. ఎక్కువగా వాడే నమూనాలు, ముఖ్యంగా అచ్చు ఫారాల మీద పడేవి, కొత్తదానిలో తెరిచి ప్రింటు తీసి పాత ప్రింటు మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. జరిగినవాటిని సరిచేసుకున్నాకే గిరాకీ పనికి వాడాలి. ఈ పరీక్ష గిరాకీ లేని మధ్యాహ్నాల్లో చేసుకోవాలి గాని బడుల పరీక్షల రోజుల్లో కాదు. ప్రతి కొత్త వెర్షన్ వెంట పరుగెత్తనక్కర్లేదు. నాలుగైదు మరమ్మతులు అందుకుని కుదురుకున్న వెర్షన్ వేసుకుంటే చాలు.

ఎక్స్‌పీ ఉన్న ముసలి మిషన్లో నెట్ లేకుండా కేవలం టైపు, ప్రింటు చేసుకునేవారు ఓపెన్‌ఆఫీస్‌లో ఉండిపోవడం తప్పు కాదు. ఆ మిషన్‌ను నెట్‌కు కలపకూడదు, ఊరి పెన్‌డ్రైవులు పెట్టకూడదు. విండోస్ 7 మిషన్లో నెట్ కావాలంటే దానికి తేలికపాటి లినక్స్ ఎక్కించడం మంచి దారి. ఉబుంటు వంటివాటిలో పూర్తి ఇన్‌స్టలేషన్ ఎంచుకుంటే లిబ్రేఆఫీస్ కూడా దానితోనే వస్తుంది. పూర్తిగా పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే దుకాణానికి ఆఫీసు సాఫ్ట్‌వేరు మార్పు ఇవాళ అత్యవసరం కాదు. వారు చేయాల్సిన పెద్ద మార్పు, అను ఫాంటు లేని మిషన్లోనూ తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు. అను ఫాంట్లతో అలవాటైన యాపిల్ కీబోర్డు వరసలోనే యూనికోడ్ టైపు చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి వేళ్లకు మళ్లీ శిక్షణ అక్కర్లేదు.

ఏ సాఫ్ట్‌వేరు ఎంచుకున్నా మూడు పనులు మాత్రం మారకూడదు. తెలుగు యూనికోడ్‌లోనే టైపు చేయాలి. సొంతంగా దాచుకునే కాపీని ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో ఉంచుకోవాలి. అది 2006లోనే ఐఎస్ఓ ప్రమాణమైంది, ఓపెన్‌ఆఫీసూ లిబ్రేఆఫీసూ రెండూ దాన్ని తెరుస్తాయి. మనిషి చేతికి ఇచ్చేటప్పుడు ప్రింటుతో పాటు పీడీఎఫ్ కూడా అతని ఫోనుకు పంపాలి. ఈ మూడూ పాటించినవారికి ఇంకో పదేళ్లకు లిబ్రేఆఫీస్ స్థానంలో మరొకటి వచ్చినా భయం ఉండదు. మర్రిపాడు నుంచి వచ్చిన రైతు అర్జీ అప్పుడు కూడా తెరుచుకుంటుంది, ఒత్తులతో సహా చదవడానికి వీలుగా ఉంటుంది.